గొల్యాతు ఈటె, నేతగాని దోనె

లింబాయత్‌లో మేముండే గల్లీలో రాత్రి పూట కూడా సాంచాల చప్పుడు ఆగదు. సూరత్‌లో పవర్‌లూమ్‌ను సాంచా అంటారు. తెలంగాణ జిల్లాల నుంచి వచ్చిన పద్మశాలీలు ఎన్నో ఏళ్లుగా వీటి మీదే బతుకుతున్నారు. నగరపాలక సంస్థ గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ బడులతో పాటు తెలుగు బడులు కూడా నడుపుతోందంటే ఇక్కడ మనవాళ్లు ఎంతమందో ఊహించుకోవచ్చు. ఊళ్లో గుంట మగ్గం మీద చెయ్యి తిరిగి, ఇక్కడికొచ్చి సాంచా ముందు నిలబడ్డ తరంలో ఇంకా కొందరు మిగిలారు. అలాంటి పెద్దాయన ఒకరు ఒకరోజు మా ఇంటికొచ్చి, బల్ల మీద తెరిచి ఉన్న పుస్తకంలో ఏముందని అడిగారు. సమూయేలు మొదటి గ్రంథం పదిహేడో అధ్యాయం చదివి వినిపించాను. గొల్యాతు ఈటె కర్రను నేతగాని దోనెతో పోల్చిన చోట ఆయన ఆపమన్నారు. పిడికిలి బిగించి ఒకసారి చూసుకున్నారు.

“దోనె అంటే గింత లావుంటది బిడ్డా. పిడికిట్ల పట్టదు. పట్టనిదాన్ని ఎట్ల ఇసురుతడు?”

ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. ఆ అధ్యాయం మీద వచ్చిన పరిశోధనలో చేతికందినంతా మళ్లీ చదివాను. గొల్యాతు ఎంత పొడవు, ఏం తొడుక్కున్నాడు, ఏ జాతివాడు, చివరికి ఎవరి చేతిలో చచ్చాడు అని పండితులు తరతరాలుగా వాదించుకుంటున్నారు. వాళ్లంతా గొల్యాతు ఒంటినే తడిమి చూశారు. నాకు మాత్రం ఆ వర్ణన చెప్పినవాళ్ల ఇల్లు ముందు చూడాలనిపించింది. వాళ్ల ఇంట్లో ఈటె లేదు. మగ్గం ఉంది.

ఇది నా ఊహ కాదు, అదే గ్రంథం నాలుగు అధ్యాయాల ముందు చెప్పిన సంగతి. ఇశ్రాయేలు దేశంలో కమ్మరివాడే లేడట. కత్తులూ ఈటెలూ చేసుకోకుండా ఫిలిష్తీయులు కట్టడి చేశారట. నాగటి కర్రు పదును పెట్టించుకోవాలన్నా శత్రువు దగ్గరికే పోవాలి. యుద్ధం నాటికి సౌలు రాజుకూ, ఆయన కొడుకు యోనాతానుకూ తప్ప ఇంకెవరి చేతిలోనూ కత్తి గానీ ఈటె గానీ లేదట. ఆ జనం ఏలా లోయకు ఒక పక్క కొండ మీద నిలబడి, ఎదుటి కొండ మీది నుంచి దిగివచ్చిన మనిషిని చూశారు. తల నుంచి పాదం దాకా లోహం. దాన్ని ఏ మాటల్లో చెప్పుకుంటారు? తమకు తెలిసిన కొలతల్లో, తమ ఇంట్లో ఉన్న వస్తువుల్లో చెప్పుకుంటారు. మూర, జేన, తూకం రాళ్లు, మగ్గం.

కథ అందరికీ తెలిసిందే. గాతు పట్టణపు శూరుడు రెండు సేనల నడుమకొచ్చి, మీలో ఒకణ్ణి పంపండి, వాడు గెలిస్తే మేము మీకు దాసులం, నేను గెలిస్తే మీరు మాకు దాసులు అని సవాలు చేస్తాడు. అతన్ని హీబ్రూలో ‘ఈష్ హబ్బేనయిమ్’ అంటారు, రెంటి నడుమ మనిషి అని. ఇశ్రాయేలులో అందరికంటే తలెత్తు పొడవైనవాడు సౌలే. ఎవరైనా దిగాలంటే ఆయనే దిగాలి. ఆయన దిగడు. అన్నలకు తిండి మోసుకొచ్చిన గొర్రెల కాపరి దావీదు దిగుతాడు.

ఈ కథ విన్న ఊళ్లలో సూరత్‌ది ప్రత్యేకమైన స్థానం అని నా నమ్మకం. 18వ శతాబ్దంలో బాగ్దాదు, బస్రా, అలెప్పో వైపు నుంచి వచ్చిన యూదు వర్తకులు ఈ రేవులో కాపురముండి దీన్ని హీబ్రూలోనే చదువుకున్నారు. వారిలో షాలోమ్ కోహెన్ 1798లో ఇక్కడి నుంచే కలకత్తా వెళ్లి అక్కడి యూదు సమాజానికి ఆద్యుడయ్యాడు. మా ముస్లిం ఇరుగుపొరుగుకు గొల్యాతు జాలూత్. ఖురాన్ రెండో అధ్యాయంలో దావూద్ అతన్ని చంపాడని ఉంది, ఎత్తు మాత్రం చెప్పలేదు. 1815లో లండన్ మిషనరీ సొసైటీ తరఫున జేమ్స్ స్కిన్నర్, విలియం ఫైవీ సూరత్‌లో దిగారు. గుజరాతీ బైబిలు 1820ల్లో ఈ ఊళ్లోనే అచ్చయింది. అదే సొసైటీ మనుషులు జార్జ్ క్రాన్, ఆగస్టస్ డి గ్రాంజెస్ అంతకు పదేళ్ల ముందు, 1805లో, విశాఖపట్నం చేరి ఆనందరాయరు సాయంతో తెలుగు అనువాదం మొదలుపెట్టారు. తెలుగు పాత నిబంధన పూర్తిగా చేతికి రావడానికి ఆ తర్వాత దాదాపు యాభై ఏళ్లు పట్టింది.

అనువాదకులు ఎంచుకున్న మాటల్లో ఎంత ఇంగితం ఉందో! దావీదు చేతిలోది తెలుగులో వడిసెల, గుజరాతీలో గోఫణ్. జొన్నచేలో మంచె మీద నిలబడి పిట్టల్ని తోలిన ప్రతి రైతుకూ అది తెలుసు. హీబ్రూ షెకెలును తెలుగువాళ్లు తులం అన్నారు. షెకెలు సుమారు 11.4 గ్రాములు, మన తులం 11.66. ఇంతకంటే దగ్గరి మాట దొరకదు. బంగారం తులాల్లో కొనే ఇంటి ఆడవాళ్లకు గొల్యాతు కవచం బరువు ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. ఒక్క రాగి అన్నచోటే కాస్త తేడా. అది తగరం కలిసిన కంచు.

ఇక ఎత్తు సంగతి. మనం చదివే హీబ్రూ పాఠంలో ఆరు మూరల ఒక జేన ఉంది. మూరను 45 సెంటీమీటర్లు అనుకుంటే 290 దాటుతుంది. వైద్యులు నమ్మకంగా కొలిచిన మనుషులందరిలో పొడవైన అమెరికావాసి రాబర్ట్ వాడ్లో 272 సెంటీమీటర్లే. కానీ క్రీస్తుకు ముందే అయిన గ్రీకు అనువాదపు పాత ప్రతుల్లో, 1952లో మృతసముద్రం పక్కన కుమ్రాను నాలుగో గుహలో దొరికిన సమూయేలు చుట్టలో, మొదటి శతాబ్దపు యూదు చరిత్రకారుడు జోసెఫస్ రచనలో నాలుగు మూరల ఒక జేన అనే ఉంది. అంటే రెండు మీటర్లు. సూరత్ స్టేషన్‌లో ఎదురైతే తిరిగి చూస్తాం తప్ప కెవ్వున అరవం. కానీ సగటు మగవాడు అయిదున్నర అడుగులు కూడా లేని కాలంలో అది భయపెట్టే ఎత్తే. మూడు వేర్వేరు దారుల్లో వచ్చిన సాక్ష్యం ఒకే అంకె చెబుతోంది కాబట్టి పాతది నాలుగే అని నా నిర్ణయం. ఆరు అనేది లేఖకుడి చెయ్యి జారడం వల్ల వచ్చిందా, కావాలని పెంచిందా అన్నది తేలలేదు. కథలు చెప్పేవాళ్ల నోటిలో శత్రువు పెరుగుతాడే గాని తరగడని మాత్రం మన ఊరి చరిత్రే చెబుతుంది.

1664 జనవరిలో శివాజీ సూరత్ మీద విరుచుకుపడ్డాడు. ఇంగ్లీషు ఫ్యాక్టరీలో అప్పుడు లెస్కాలియో అనే పాదిరి ఉన్నాడు. సమూయేలు గ్రంథం చదవని పాదిరి ఉండడు. దాడి ముగిసిన రెండు వారాలకు అతను ఇంగ్లండులోని థామస్ బ్రౌన్‌కు ఉత్తరం రాస్తూ, కళ్లారా చూసినవాళ్ల మాటగా, శివాజీ తనకంటే కాస్త పొట్టివాడనీ, నిటారుగా, చక్కటి ఒడ్డూ పొడుగుతో ఉంటాడనీ రాశాడు. గుణాన్ని మాత్రం నానా మాటలూ అన్నాడు. అదే ఏడాది ఫ్యాక్టరీ వాళ్లు రాసిన మరో ఉత్తరంలో, ఒకేసారి అన్ని చోట్లా కనిపిస్తున్నాడని వస్తున్న వార్తలు శివాజీకి గాలి శరీరాన్నీ రెక్కల్నీ తగిలించాయని ఉంది. ఒకే ఊరు, ఒకే ఏడాది, ఒకే శత్రువు. చూసినవాళ్ల నోట మామూలు ఎత్తు, పుకారులో రెక్కలు. నాలుగు మూరలూ ఆరు మూరలూ పక్కపక్కనే ఎలా ఉంటాయో నాకు అర్థమైంది అక్కడే. ఇంకో సంగతి కూడా. మా లింబాయత్‌లోనే మరాఠీ కుటుంబాలు ఆయన్ని ఛత్రపతిగా పూజిస్తాయి. గాతు పట్టణంలో గొల్యాతు తల్లి తన కొడుకును ఏమని పిలిచేదో చెప్పే పుస్తకం మనకు అందలేదు.

గ్రీకు అనువాదం గురించి మరొక మాట. దాని పాత ప్రతుల్లో ఈ కథ మనకు తెలిసినదానికి దాదాపు సగం. దావీదు అన్నలకు తిండి మోసుకురావడం, గొల్యాతు నలభై రోజులు ఉదయం సాయంత్రం సవాలు చేయడం, చివర్లో సౌలు ఈ కుర్రవాడెవరి కొడుకని అడగడం, ఇవేవీ అందులో లేవు. గ్రీకువాళ్లు కోసేశారా, హీబ్రూలో తర్వాత చేరాయా? ఎమాన్యుయేల్ టోవ్, యోహాన్ లుస్ట్ చిన్నదే పాతదన్నారు. బార్తెలెమీ, గుడింగ్ పెద్దదే మూలమన్నారు. నలుగురూ కలిసి తమ వాదాలను 1986లో ఒకే పుస్తకంగా వేశారు, ఒకరినొకరు ఒప్పించకుండానే. నేను టోవ్ వైపు. ముందు అధ్యాయంలో సౌలు కొలువులో వీణ వాయించినవాణ్ణి ఈ అధ్యాయం చివర సౌలు ఎవరని అడగడం రెండు కథల్ని కలిపి కుట్టిన చోట మిగిలిన ముడి. ఆ కుట్టు నాకు కనబడుతోంది. అయితే గొల్యాతు వర్ణన చిన్న పాఠంలోనూ ఉంది, పెద్ద పాఠంలోనూ ఉంది. కథ ఎటు పెరిగినా, ఎత్తు అంకె తప్ప ఆ నాలుగు వచనాలు కదల్లేదు.

ఆ నాలుగు వచనాల్లో ఉన్నంత ఆయుధ వర్ణన హీబ్రూ బైబిలు కథల్లో మరే వీరుడికీ లేదు. కంచు శిరస్త్రాణం, చేప పొలుసుల్లాంటి రేకులు కుట్టిన కవచం, మోకాలి కింద పిక్కలకు కంచు తొడుగులు, భుజాల మధ్య కిదోన్ అనే ఆయుధం, ఈటె, ముందు నడిచే డాలు మోసేవాడు. కవచం 5,000 తులాలు, అంటే దాదాపు 57 కిలోలు. ఒక మనిషి మరో మనిషిని మోసుకుంటూ పోరాడినంత పని. ఈ సరుకంతా ఏ దేశానిది? ఈజిప్టులో మెదినెత్ హబు గుడి గోడల మీద మూడో రామ్సెస్ సుమారు క్రీ.పూ. 1175లో చెక్కించిన ఫిలిష్తీయుల తల మీద ఈకల్లా నిలబడ్డ పాగా ఉంది, కంచు శిరస్త్రాణం లేదు. పిక్క తొడుగులు గ్రీకు లోకానివి. పొలుసుల కవచం పశ్చిమాసియాది. డాలు మోసే మనిషి అస్సీరియా చిత్రాల్లో కనిపిస్తాడు. కుర్ట్ గాలింగ్ 1966లో దీన్ని ఎక్కడెక్కడివో ఏరి కూర్చిన బొమ్మ అన్నాడు. ఇజ్రాయేల్ ఫింకెల్‌స్టైన్ 2002లో ఇది క్రీ.పూ. 7వ శతాబ్దంలో ఈజిప్టు కొలువులో ఉన్న గ్రీకు కూలి సైనికుణ్ణి చూసి గీసిందన్నాడు. అజ్జాన్ యాదిన్ 2004లో మరో అడుగు ముందుకేసి, రెండు సేనల మధ్య ఒంటరి పోరు అనే కథాపద్ధతే గ్రీకు వీరగాథల వాసన కొడుతోందన్నాడు. ఎదురువాదం కూడా బలమైనదే. కంచు పిక్క తొడుగులు గ్రీసులోనూ సైప్రస్‌లోనూ క్రీ.పూ. 12వ శతాబ్దం నాటికే ఉన్నాయి. 1960లో గ్రీసులోని దెంద్రాలో దొరికిన నిలువెల్లా కంచు కవచం అంతకన్నా మూడు వందల ఏళ్లు పాతది.

నాకు ఇందులో బాగా నచ్చిన సాక్ష్యం ఒక అక్షరం. గొల్యాతు శిరస్త్రాణానికి వాడిన మాటా, తర్వాత సౌలు దావీదు తల మీద పెట్టినదానికి వాడిన మాటా ఒకటే. కానీ మొదటి అక్షరం ఒకచోట కాఫ్, ఇంకోచోట కోఫ్. పరాయి భాష నుంచి వచ్చిన మాటను ఏ అక్షరంతో రాయాలో లేఖకుడికే తెలియని స్థితి అది. సాంచాను తెలుగులో ఎలా రాయాలో మా పిల్లలు తడుముకున్నట్టే. వస్తువు పరాయిది, మాట పరాయిది, దాన్ని తొడుక్కున్నవాడు పరాయివాడు.

అన్నీ పరాయివైన ఆ వర్ణనలో ఒకే ఒక్క ఇంటి వస్తువు ఉంది. పెద్దాయన పట్టుకున్నది దాన్నే.

హీబ్రూలో ఆ మాట ‘మెనోర్ ఓర్గీమ్’. ఓర్గీమ్ అంటే నేసేవాళ్లు. మెనోర్ అంటే మగ్గంలో ఒక కర్ర. ఏ కర్ర? శతాబ్దాలుగా అనువాదకులు పడుగు చుట్టే పెద్ద దుంగ అనే అర్థం చేసుకున్నారు, మన తెలుగులో దోనె అయింది. అప్పుడు పోలిక లావు గురించి. 1955లో యిగాయెల్ యాదిన్ దీన్ని తిరగేశాడు. ఆయన పురావస్తు పండితుడు కావడానికి ముందు ఇజ్రాయెల్ సైన్యాధిపతిగా పనిచేసినవాడు. ఆయుధాన్ని చేతిలో పట్టుకుని ఆలోచించినవాడు. మెనోర్ అంటే దుంగ కాదు, పడుగు పోగుల్ని ఒకటి విడిచి ఒకటి పైకెత్తడానికి దారపు ఉచ్చులు వరసగా కట్టిన కర్ర అన్నాడు. గ్రీకు సైనికులు విసిరే ఈటెకు మధ్యలో తోలుతాడు చుట్టి ఉచ్చు వదిలేవారు. అందులో వేలు దూర్చి విసిరితే ఈటె బొంగరంలా తిరుగుతూ దూరంగా, సూటిగా పోతుంది. ఇశ్రాయేలులో ఇలాంటి ఈటె లేదు, దానికి పేరూ లేదు. చూసినవాళ్లకు కర్రా, దాని మీద ఉచ్చులూ కనిపించాయి. అలాంటిది ఇంట్లో ఎక్కడ చూశారు? మగ్గం మీద.

ఇది పెద్దాయనకు చెప్పాను. వెంటనే ఒప్పుకున్నారు. “ఉచ్చుల కర్రా? గట్ల చెప్పు మరి. అది చేతుల పడుతది” అన్నారు.

యాదిన్ మాటలో ఒక ఇబ్బంది ఉంది, దాన్ని దాటవేయకూడదు. ఆ ఈటె కొస ఇనుము 600 తులాలని అదే వచనం చెబుతుంది. అంటే దాదాపు 6.8 కిలోలు. ఒలింపిక్స్‌లో మగవాళ్లు విసిరే జావెలిన్ మొత్తం 800 గ్రాములు. వాళ్లు విసిరే ఇనుప గుండు 7.26 కిలోలు. కర్ర చివర గుండు తగిలించి ఉచ్చుతో విసిరినట్టవుతుంది. కాబట్టి ఒకే వచనంలో రెండు రకాల చూపు కలిసిపోయి ఉండాలి. ఉచ్చుల కర్ర అన్నది ఆకారాన్ని చూసినవాడి మాట. 600 తులాలన్నది భయాన్ని తూకం వేసినవాడి మాట. బైబిలులోనే బెనాయా అనే వీరుడు చంపిన అయిదు మూరల ఈజిప్టువాడి చేతిలోనూ నేతగాని దోనెలాంటి ఈటె ఉందని దినవృత్తాంతాల గ్రంథం చెబుతుంది. అప్పటికి ఆ పోలిక వాడుక పలుకుబడి అయిపోయింది, ఉచ్చులు పోయి లావే మిగిలింది. పుట్టినచోట అది మగ్గం ముందు కూర్చున్న మనిషి కంటిచూపే అని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఆ కాలపు ఇళ్లలో మగ్గం ముందు కూర్చునేది ఎక్కువగా ఆడవాళ్లు. యుద్ధ వర్ణనలోని అత్యంత ప్రసిద్ధమైన పోలిక ఒక ఇల్లాలి నోట పుట్టిందేమో అనుకుంటే నాకు ఒళ్లు జలదరిస్తుంది.

మగ్గం ఇంకోచోట కూడా అడ్డం వస్తుంది, అది ఈ ప్రశ్నలన్నిటిలో కఠినమైనచోట. గొల్యాతును చంపింది ఎవరు? సమూయేలు రెండో గ్రంథం ఇరవై ఒకటో అధ్యాయంలో బేత్లెహేమువాడైన ఎల్హానాను గాతువాడైన గొల్యాతును చంపాడని, ఆ గొల్యాతు ఈటె నేతగాని దోనెలాంటిదని ఉంది. దావీదు కాదు, ఎల్హానాను. ఆ తర్వాత రాసిన దినవృత్తాంతాల గ్రంథంలో ఎల్హానాను చంపింది గొల్యాతు తమ్ముడు లహ్మీని. విశ్వాసులు చాలామంది రెండోదాన్ని పట్టుకుని, మొదటిది రాతప్పు అంటారు. ఇద్దరూ ఒకరే, దావీదు పుట్టుపేరే ఎల్హానాను అన్నవాళ్లూ పాతకాలం నుంచి ఉన్నారు. ఎక్కువమంది పరిశోధకులు ఎల్హానాను కథే పాతదనీ, సైనికుడి ఘనత రాజు ఖాతాలో చేరిందనీ అంటారు.

ఇక్కడ వచనాన్ని నేతపని చూసినట్టు చూడాలి. సమూయేలులో ఎల్హానాను తండ్రి పేరు ‘యారే ఓర్గీమ్’. పేరులో నేతవాళ్లెందుకున్నారు? వచనం చివర్లో ‘మెనోర్ ఓర్గీమ్’ ఉంది కదా, లేఖకుడి కన్ను ఒక పంక్తి కిందికి జారి, అక్కడి ఓర్గీమ్‌ను పైకి లాగి తండ్రి పేరులో కలిపేసింది. మగ్గం మీద ఒక పోగు తప్పి పక్క పోగులో పడ్డట్టు. దినవృత్తాంతాల్లో తండ్రి పేరు ఉత్త యాయీరే. కాబట్టి సమూయేలు వచనంలో తప్పు ఉన్నమాట నిజం. కానీ ఒక పోగు తప్పింది కదా అని బట్టంతా తప్పనలేం. లహ్మీ అనే పేరు హీబ్రూలో బేత్లెహేమువాడు అనే మాటలోని చివరి ముక్క. ఇబ్బందిపెట్టే వాక్యాన్ని సరిచేయబోయి, ఉన్న అక్షరాల్లోంచే ఒక తమ్ముణ్ణి పుట్టించినట్టు కనిపిస్తుంది. పైగా పదిహేడో అధ్యాయంలో గొల్యాతు అన్న పేరు రెండేసార్లు వస్తుంది, తక్కినచోట్లంతా ‘ఆ ఫిలిష్తీయుడు’ అనే ఉంటుంది. దావీదు పేరు లేని ఒక శత్రువుతో పోరాడాడనీ, ఎల్హానాను చంపినవాడి పేరు తర్వాత అతనికి అంటుకుందనీ హాల్పెర్న్ వంటివారు చెప్పే మాటే నాకు సబబుగా తోస్తుంది. నమ్మకంతో చదివే నా స్నేహితులు దీనికి నొచ్చుకుంటారని తెలుసు. అయినా ఆ ఎల్హానాను వచనాన్ని కొట్టేయకుండా, వేల ఏళ్లు అక్షరం పోకుండా కాపాడింది నమ్మకం గల లేఖకులే. రాజుకు ఇరకాటమైన వాక్యాన్ని కూడా వాళ్లు దాచలేదు.

ఇక ఫిలిష్తీయులు. ఇంగ్లీషులో ఈ పేరు మొరటుతనానికి మారుపేరులా చలామణి అయింది. తవ్వకాలు వేరేమాట చెబుతున్నాయి. ఫిలిష్తీయుల పట్టణం అష్కెలోనులో నేల మీద వరసలుగా పడి ఉన్న మట్టి కండెల్లాంటివి వందకు పైగా దొరికాయి. కాల్చని మట్టితో చేసిన ఆ ముద్దలు నిలువు మగ్గానికి పడుగును కిందికి లాగి పట్టే బరువులు. అప్పటికి కనాను దేశంలో వాడే బరువులకు తాడు దూర్చే కన్నం ఉండేది. వీటికి లేదు, దారం చుట్టి వేలాడదీసేవారు. అది ఏజియన్ సముద్రపు ఒడ్డున ఉన్న జనం అలవాటు. అంటే వాళ్లు వలస వస్తూ తమ మగ్గాన్ని వెంట తెచ్చుకున్నారు. ఈ ముక్క చదివినప్పుడు సూరత్‌లో కూర్చున్న నాకు ఎలా ఉంటుందో వేరే చెప్పాలా? దోనె పోలికకు గురైన ఆ శూరుడి ఇంట్లోనూ మగ్గం ఆడేది. న్యాయాధిపతుల గ్రంథంలో దెలీలా ఫిలిష్తీయుల కోసం సమ్సోను జడల్ని మగ్గంలో పడుగుతో కలిపి నేసిన కథ కూడా ఇందుకే నాకు వేరేలా వినిపిస్తుంది.

2019లో అష్కెలోను ఎముకల డీఎన్‌ఏ ఫలితాలు వచ్చాయి. ఇనుపయుగం తొలినాళ్లలో ఇళ్ల కింద పాతిన పసిపిల్లల్లో దక్షిణ ఐరోపా వైపు రక్తం ఛాయ ఉంది. రెండు శతాబ్దాలు తిరిగేసరికి అది స్థానికుల్లో కలిసిపోయింది. గాతు పట్టణం ఇప్పటి తెల్ ఎస్ సాఫీ. అక్కడ బార్ ఇలాన్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆరెన్ మాయిర్ 1996 నుంచి తవ్వించాడు. 2005లో ఒక కుండపెంకు దొరికింది. దాని మీద సెమిటిక్ లిపిలో గీసిన రెండు పేర్లు సెమిటిక్ కావు, గొల్యాతు అనే పేరు ఏ కుదురుదని భాషావేత్తలు భావిస్తారో ఆ కుదురుకు దగ్గరవి. పత్రికలు గొల్యాతు కుండ దొరికిందని రాశాయి. మాయిర్ అలా అనలేదు. క్రీ.పూ. 10, 9 శతాబ్దాల గాతులో అలాంటి పేర్లవాళ్లు ఉండేవారని మాత్రమే అన్నాడు. అది చాలు. ఆ పేరు ఎవరో కల్పించింది కాదు, ఆ ఊరిదే. క్రీ.పూ. 830 ప్రాంతంలో అరాము రాజు హజాయేలు గాతును నేలమట్టం చేశాడు. ఆ తర్వాత పుట్టిన యూదా కథకుడు ఆ ఊరి వైభవాన్ని కళ్లారా చూసే అవకాశమే లేదు. కాబట్టి కవచం బొమ్మ తర్వాతి కాలందే అయినా ఊరూ పేరూ మాత్రం పాత జ్ఞాపకం నుంచి వచ్చినవే.

వైద్యుల వాదం మీద ఎక్కువసేపు నిలవను. గొల్యాతుకు పీయూష గ్రంథిలో కంతి ఉందనీ, అందుకే అంత పెరిగాడనీ, అదే కంటి నరాన్ని నొక్కి చూపు మందగించిందనీ, అందుకే ఒకడు ముందు నడిచాడనీ అంటారు. 2013లో మాల్కం గ్లాడ్‌వెల్ పుస్తకంతో ఇది ఇంటింటికీ చేరింది. దావీదు చేతిలో ఒక్క కర్రే ఉంటే గొల్యాతు కర్రలు అని బహువచనం వాడాడు కాబట్టి అతనికి ఒకటి రెండుగా కనిపించిందని కూడా వాదించారు. నాలుగు మూరల మనిషికి కంతి అవసరం లేదు. డాలు మోసేవాడు పెద్ద యోధులందరికీ ఉంటాడు. శత్రువును అర్థం చేసుకోవడానికి అతన్ని రోగిని చేయడం నాకు న్యాయంగా తోచదు. అలాగే 1978లో అరియెల్లా దీమ్ ఒక అక్షరం తేడాతో రాయి నుదుటికి కాదు, పిక్క తొడుగుకు తగిలిందని, అందుకే బోర్లా పడ్డాడని చదివింది. తెలివైన చదువే, కానీ ఆ వచనానికి ఆ సాయం అక్కర్లేదు.

వడిసెలను పిల్లల ఆటవస్తువుగా చూపించే బొమ్మల పుస్తకాల మీద మాత్రం నాకు గట్టి అభ్యంతరం ఉంది. అస్సీరియా రాజు సన్హెరీబు క్రీ.పూ. 701లో లాకీషును ముట్టడించినప్పటి శిల్పాలు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. విలుకాళ్ల వెనుక వరసగా వడిసెల సైనికులు నిలబడి ఉంటారు. ఆ ఊళ్లో దొరికిన రాళ్లు టెన్నిస్ బంతంత ఉన్నాయి. మంచె మీద నుంచి మా తాతలు విసిరినదానికీ దీనికీ సూత్రం ఒకటే, తగిలితే ఎముక మిగలదు. దావీదు నిరాయుధుడు కాడు. దూరం నుంచి కొట్టేవాడు. దగ్గరి పోరుకు నిలువెల్లా లోహం తొడుక్కున్నవాడికి ఎదురుగా దూరపు ఆయుధం పట్టినవాడు నిలబడ్డాడు. 1504లో మైకెలాంజెలో చెక్కడం ముగించిన దావీదు విగ్రహం 517 సెంటీమీటర్లు. గొల్యాతు అందులో లేనే లేడు. శిల్పి చేతిలో పిల్లవాడే ఆరు మూరలు దాటి పెరిగిపోయాడు.

గొల్యాతు మరణంతో కథ అయిపోయిందనుకుంటాం. అతని కత్తి మిగిలింది. సమూయేలు మొదటి గ్రంథం ఇరవై ఒకటో అధ్యాయంలో సౌలుకు భయపడి పారిపోతున్న దావీదు నోబులోని యాజకుడి దగ్గరికొచ్చి ఆయుధం ఏమైనా ఉందా అని అడుగుతాడు. గొల్యాతు కత్తి ఒక్కటే ఉందంటాడు యాజకుడు, ఏఫోదు అనే యాజక వస్త్రం వెనుక, బట్టలో చుట్టి. ఈ ముక్క చదివినప్పుడు పెద్దాయన మళ్లీ ఆపారు. “ఏం బట్ట?” అని అడిగారు. హీబ్రూలో సిమ్లా, ఒంటి మీద కప్పుకునే దుప్పటిలాంటిది అన్నాను. తల ఊపి, చదవమన్నారు.

ఆ కత్తి తీసుకుని దావీదు ఎక్కడికి పోయాడో తెలుసా? గాతుకు. గొల్యాతు సొంత ఊరికి. అక్కడి కొలువులో జనం గుర్తుపట్టారు, పదివేలమందిని చంపాడని పాడుకునేది వీడి గురించే కదా అని రాజు ఆకీషుకు చెప్పారు. దావీదు హడలిపోయాడు. ఏలా లోయలో వణకనివాడు ఇక్కడ వణికాడని గ్రంథం దాచకుండా చెబుతుంది. తలుపుల మీద గీతలు గీస్తూ, గడ్డం మీద చొంగ కార్చుకుంటూ పిచ్చివాడిలా నటించాడు. ఆ తర్వాతెప్పుడో అదే ఊరివాళ్లు ఆరు వందలమంది అతని అంగరక్షకుల్లో కలిశారు. కొడుకు అబ్షాలోము తిరగబడ్డ రోజున, నీవు పరదేశివి, వెనక్కి పొమ్మని దావీదు అంటే, పోనని పిల్లాజెల్లాతో అతని వెంట నడిచిన ఇత్తయి గాతువాడే.